కడుక్కొచ్చిన కాళ్ళు

పెద్దమ్మాయికి యాభై దాటాయి. జుట్టు సగం నెరిసింది, కూర్చుని లేస్తే మోకాళ్ళు టకటకమంటాయి, అయినా పుట్టింట్లో పెట్టిన పిలుపు మాత్రం వదల్లేదు. చర్చిలో పాస్టరు గారి నుంచి చెప్పుల కొట్టు యజమాని దాకా అందరికీ ఆమె పెద్దమ్మాయే. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఆ పిలుపు మార్చాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

కొట్టులో ఆమె పని పొట్టి స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్ళ కాళ్ళకు చెప్పులు తొడగడం. ఆ ఎత్తు నుంచి చూస్తే మనిషి గొప్పతనం ఏమంత కనబడదు. చెమటకు నానిన మేజోళ్ళు, గోళ్ళ కింద నల్లటి మట్టి, బీటలు వారిన మడమలు కనబడతాయి. ఫోనులో మాట్లాడుతూ ఆమె మొహం మీదికే కాలు చాచే మహానుభావులు కొందరు. తనకసలు చెమటే పట్టదని బడాయిపోతూ బూటు విప్పి కొట్టంతా గుప్పుమనిపించే పెద్దమనుషులు కొందరు. మధ్యాహ్నం మోచేతుల దాకా సబ్బుతో తోముకుని కూడా ఆమె చెంచాతోనే తింటుంది. చేతిని నోటి దగ్గరికి తెచ్చుకోబుద్ధి కాదు. పక్కవాళ్ళకు అదొక నవ్వులాట.

ఈ రోత కాళ్ళతో ఆగితే బాగుండేది. అది మెల్లగా మనుషుల మీదికి పాకింది. ఆ మనుషుల్లో మొదటి పీట మిషనావిడది.

మిషనావిడ ఒకప్పుడు వాళ్ళ పక్క వాటాలో అద్దెకుండేది. అమ్మకు ప్రాణస్నేహితురాలు. కుట్టుమిషను మీద నలుగురి బట్టలూ కుట్టి అమ్మ ఇద్దరు ఆడపిల్లల్ని బడికి పంపుతుంటే, ఆవిడ వచ్చి పక్కన కూర్చుని పని నేర్చుకునేది, అమ్మ వండింది తినేది, పెద్దమ్మాయికి జడలు వేసేది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో నాన్న లేడు, పక్క వాటాలో ఆవిడ లేదు, కిటికీ కింద మిషను కూడా లేదు. మొగుడు పోయినందుకు ఏడవని అమ్మ మిషను పోయినందుకు ఏడ్చింది. తర్వాత చనిపోయేదాకా పరాయి ఇళ్ళలో గిన్నెలు తోమింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో ఆ పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

నాన్న చనిపోయి కొన్నేళ్ళయింది. మిషనావిడ రెండు వీధుల అవతల ఒక గదిలో, అదే మిషను మీద పాతబట్టలకు మాసికలు వేస్తూ ఒంటరిగా బతుకుతోంది. ఆవిడ ఎదురుపడితే అక్కచెల్లెళ్ళిద్దరూ వీధి మారతారు.

పెద్దమ్మాయి చర్చిమెట్లు ఎక్కింది అమ్మ పోయిన ఏడాదే. ఒక మధ్యాహ్నం కొట్టు వెనక సరుకు గదిలో, అట్టపెట్టెల మధ్య కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు అమ్మ కోసం మొదలై తన మీదికే తిరిగింది. ఇన్నేళ్ళూ అందర్నీ చీదరించుకుంటూ బతికితే లోపల ఏం మిగిలిందని చూసుకుంది. పాచిపట్టిన గిన్నెలా అనిపించింది. ఆ రబ్బరు వాసన మధ్య, తన లోపలున్నదంతా చూసి కూడా ముక్కు మూసుకోనివాడు ఒకడు దగ్గరే ఉన్నాడని అప్పుడు ఆమెకు తెలిసింది. ఎలా తెలిసిందంటే చెప్పలేదు. తెలిసింది, అంతే. అప్పట్నుంచి సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా, ఆయన నన్ను ప్రేమించాడు, ఆయన ఏం చెబితే అది చేస్తాను, అని కళ్ళు తుడుచుకుంటూ చెప్పేది. ఆ కన్నీళ్ళు నిజమే. ఆ మాటకే ఇంకా పరీక్ష రాలేదు.

ఆ చర్చిలో ఏడాదికొకసారి కాళ్ళు కడిగే ఆరాధన జరుగుతుంది. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడు కాబట్టి విశ్వాసులు ఒకరి కాళ్ళు ఒకరు కడగాలి. బేసిన్లు, తువ్వాళ్ళు, గోరువెచ్చని నీళ్ళ ఏర్పాటు పెద్దమ్మాయిది. కాళ్ళ వ్యవహారం కదా, చెప్పుల కొట్టు అనుభవం అక్కరకొస్తుందని ఎవరో వేసిన ఛలోక్తి అలా ఖాయమైపోయింది. ఇక ఆ సాయంత్రం వచ్చే కాళ్ళను చూడాలి. ఒక్కొక్కరూ ఇంటి దగ్గరే శుభ్రంగా తోముకుని, గోళ్ళు కత్తిరించుకుని, మడమలు రాతితో రుద్దుకుని, పౌడరు చల్లుకుని వస్తారు. సంఘ కోశాధికారి అయితే పొద్దున్నే బ్యూటీ పార్లరుకు వెళ్ళొచ్చాడట, ఆయన భార్యే మురిసిపోతూ చెప్పింది.

"మనకి తగ్గించుకునే మనసు ఉండాలి పెద్దమ్మాయ్" అంటూ ఆయన తళతళలాడే కాలు బేసిన్లో పెట్టాడు. కడగడానికి అక్కడ ఏమీ లేదు. ఆమె తడిపి తుడిచింది.

అంతలో మిషనావిడ వచ్చి చివరి బెంచీ మీద కూర్చుంది. ఎడమకాలికి కట్టు, కట్టు మీద ప్లాస్టిక్ సంచి. షుగరు జబ్బుతో అరికాలు పుండు పడి కుళ్ళుతోందని వీధిలో అనుకుంటూనే ఉన్నారు. వాసన ఆవిడకంటే ముందే వచ్చింది. ముందు ఆ బెంచీ ఖాళీ అయింది, తర్వాత దాని ముందుది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఒకామెకు ఉన్నట్టుండి ఫ్యాను గాలి కావాల్సొచ్చింది, ఇంకొకాయనకు పాటల పుస్తకం సరిగ్గా కనబడలేదు.

ఆవిడ వంతు వచ్చేసరికి పాస్టరు గారి భార్య, సంఘానికంతటికీ అమ్మగారు, చిరునవ్వుతో ఎదురెళ్ళింది. "మీకు పుండు ఉంది కదమ్మా, తడి తగలకూడదు. మీకోసం ప్రత్యేకంగా ప్రార్థన చేస్తాం లెండి."

మిషనావిడ ఆమెను దాటి పెద్దమ్మాయి వైపు చూసింది. పెద్దమ్మాయి చేతిలో బేసిను ఉంది, భుజాన తువ్వాలు ఉంది. పెద్దమ్మాయి వెనక్కి తిరిగి, పక్క తలుపులోంచి బయటికి వెళ్ళి, బేసినులో నీళ్ళు కాలవలో పోసింది. అంతమంది కాళ్ళు కడిగిన నీళ్ళు. అడుగున ఇసుకరేణువు లేదు. మొహం కడుక్కోవచ్చు. ఇన్నేళ్ళ కొట్టు పనిలో ఏ కాలును చూసినా పుట్టనంత అసహ్యం ఆ నీళ్ళను చూస్తే పుట్టింది. లోపల, ఆయన ప్రేమకు బదులుగా ప్రాణాలిస్తామని గొంతెత్తి పాడుతున్నారు. బెంచీ మీద కాస్త చోటివ్వలేనివాళ్ళు ప్రాణాలిస్తారట. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు. అందర్నీ అలా తిట్టుకుని, చివర్లో ఆ లెక్కలో తనను కూడా వేసుకోక తప్పలేదు.

ఇంటికొచ్చి ఆమె దేవుడితో బేరం పెట్టింది. "ప్రభువా, ముందు నాకు దాని మీద ప్రేమ పుట్టించు. తర్వాత వెళ్తాను." చూడ్డానికి ఎంతో భక్తిగా ఉంటుంది ఈ బేరం. రోజూ అదే ప్రార్థన చేసింది. ప్రేమ పుట్టలేదు సరికదా, ఆవిడ పేరెత్తి ప్రార్థించినప్పుడల్లా మిషను లేని ఆ కిటికీ గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయేది. చివరికి ఆమెకే విసుగొచ్చింది. నా మీద ప్రేముంటే నేను చెప్పింది చెయ్యి అన్నాడాయన. నీకు చేయాలనిపించిన రోజున చెయ్యి అనలేదు. నీకు ప్రేమ పుట్టేదాకా పుండు ఆగుతుందని అసలే అనలేదు.

మర్నాడు కొట్టుకు వెళ్ళేముందు మందుల షాపులో సెలైను నీళ్ళు, దూది, కట్టుగుడ్డ కొనుక్కుని ఆ గది తలుపు తట్టింది.

"ఎవరూ?"

"నేనే. పెద్దమ్మాయిని."

మిషనావిడ తలుపు ఓరగా తీసింది. "దారి తప్పావా ఏంటి?"

"కట్టు మార్చడానికొచ్చాను. కాలు చాపు."

ఒక మంచం, ఒక స్టవ్వు, కిటికీ కింద అమ్మ మిషను. అమ్మ అరచెయ్యి రాసుకుని రంగు పోయిన చోటు ఇంకా అలాగే ఉంది. పెద్దమ్మాయి అటు చూడకుండా కట్టు విప్పింది. చివరి పొర చర్మాన్ని పట్టుకుని కొంత లాక్కొచ్చింది. కింద పచ్చగా చీము, దాని చుట్టూ నల్లబడ్డ కండ. వాసన ముక్కులోకి కాదు, గొంతులోకి దిగింది. ఆమె పరుగున బయటికి వెళ్ళి కాలవ దగ్గర కక్కుకుంది. నోరు కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చుంది.

"వాంతయిందా?" అని అడిగింది మిషనావిడ.

"అయింది."

"నాకూ మొదట్లో అయ్యేది" అంది ఆవిడ, అదేదో ఇద్దరికీ చుట్టరికం కలిపే విషయంలా. అంతలోనే మళ్ళీ అందుకుంది. "మెల్లిగా తుడవ్వే. చెప్పు తొడుగుతున్నా అనుకుంటున్నావా? మీ నాన్నుంటే నన్నిలా వదిలేసేవాడా? పువ్వులా చూసుకున్నాడు నన్ను."

"నిన్ను పువ్వులా చూసుకున్నాడు. మమ్మల్ని చెత్తలా ఊడ్చేశాడు. కాలు కదపకు."

తన పుండు కోసం ఇంకొకరు పడే కష్టం చూసి మనిషి మెత్తబడుతుందని కథల్లో రాస్తారు. మిషనావిడ మెత్తబడలేదు. కట్టు బిగువుగా ఉందంది, దూది చవకరకమంది, రేపు ఇంకాస్త ముందుగా రమ్మంది. పెద్దమ్మాయి బయటికొచ్చి వీధి మలుపు దాకా మెల్లిగా నడిచింది. దేవుడు చెప్పింది చేస్తే మనసు నిండిపోతుందని ఎన్ని ప్రసంగాల్లో వినలేదు? మనసు నిండలేదు. జుట్టులో చీము వాసన ఉంది. అయినా మర్నాడు వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. కక్కుకోవడం కొన్నాళ్ళకు తగ్గింది, కంపరం తగ్గలేదు.

సంగతి పాస్టరు గారి చెవిన పడింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన మెరిసే కళ్ళతో వచ్చారు. "వచ్చే వారం నువ్వు సాక్ష్యం చెప్పాలి పెద్దమ్మాయ్. చాలామందికి ఆశీర్వాదంగా ఉంటుంది."

"ఏం చెప్పనండీ? రోజూ కడుపులో తిప్పుతోందని చెప్పనా?"

"అలా కాదు. ప్రభువు నీ హృదయాన్ని ఎలా మార్చాడో..."

"ఇంకా మార్చలేదండీ. మార్చేలోగా అమ్మగారిని ఒక్కరోజు పంపించండి. నాకు కాస్త తెరిపిగా ఉంటుంది."

పాస్టరు గారు గడియారం చూసుకున్నారు. సాక్ష్యం ప్రస్తావన మళ్ళీ రాలేదు, అమ్మగారూ రాలేదు.

చెల్లెలు మాత్రం వచ్చింది. పెద్దమ్మాయికి ఈ లోకంలో ఉన్న నా అన్నవాళ్ళు చెల్లెలూ, చెల్లెలి కూతురూ, అంతే. చెల్లెలు ఉద్యోగానికి పోతే ఆ పిల్లకు అన్నం తినిపించింది, నడక నేర్పింది పెద్దమ్మాయే. ఆ పిల్లకు పెళ్ళి కుదిరింది, ముహూర్తం దగ్గర పడింది. చెల్లెలు గుమ్మం దాటి లోపలికి కూడా రాలేదు.

"నిజమేనా అక్కా? అమ్మ ఊళ్ళో గిన్నెలు తోమి తోమి పోయింది. నువ్వెళ్ళి దాని కాలు తోముతున్నావా?"

"పుండు కుళ్ళిపోతోందే."

"కుళ్ళనీ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అది తొక్కిన అడుసు, అదే కడుక్కుంటుంది. నీకసలు అసహ్యం వెయ్యట్లేదా?"

"వేస్తోంది. అసహ్యం వేస్తే మానెయ్యొచ్చని ఆయన ఎక్కడైనా అన్నాడేమోనని వెతికాను. అన్లేదు."

చెల్లెలు ఆమె చేతుల వంక చూసింది. ఆ చూపులో ఉన్న ఏవగింపు పెద్దమ్మాయికి కొత్తది కాదు. రోజూ తన మొహం మీద ఉండేదే. "ఆ చేతులతో నా కూతురి పెళ్ళిలో అక్షింతలు వెయ్యొద్దు. దాని గడప తొక్కడం మానేస్తే రా. లేకపోతే నీకూ మాకూ రుణం తీరిపోయింది."

పెళ్ళినాటి పొద్దున పెద్దమ్మాయి పెందలాడే లేచింది. దాచుకున్న పట్టుచీర తీసి మంచం మీద పరిచి, మళ్ళీ మడతపెట్టింది. కొట్టుకు సెలవు పెట్టలేదు. దూదీ కట్టుగుడ్డా తీసుకుని మిషనావిడ గదికి నడిచింది. దారి పొడవునా ఆమెకు అందరి మీదా అసహ్యమే: మాట మీద నిలబడిన చెల్లెలి మీద, కుళ్ళడం మానని ఆ కాలి మీద, పట్టుచీర పరుచుకుని కూర్చున్న తన మీద. ఆజ్ఞ ఇచ్చి ఊరుకున్న ఆయన మీద కూడా కొంచెం కోపం ఉంది. అది దాచుకోకుండా ఆయనకే చెప్పుకుంది.

"పెళ్ళి ఇవాళే కదూ? పొద్దున్నుంచీ కల్యాణ మండపం వైపు కార్లు పోతున్నాయి" అంది మిషనావిడ.

"ఊఁ."

"మరి వెళ్ళలేదేం?"

"పిలవలేదు."

"నా వల్లేనా?"

పెద్దమ్మాయి కట్టు ముడి విప్పడానికి చెయ్యి చాపింది. మిషనావిడ కాలు వెనక్కి లాక్కుని దుప్పటి కిందికి దూర్చేసింది.

"వద్దు. ఇక నువ్వు నా కాలు ముట్టుకోవద్దు." ఆవిడ గొంతులో రోజూ ఉండే సణుగుడు లేదు. "మీ అమ్మ దగ్గర అన్నీ లాక్కున్నాను. మొగుణ్ణి, మిషన్ని, అన్నీ. ఇప్పుడు నీకున్నది కూడా లాక్కోమంటావా? వెళ్ళు, ఇప్పుడెళ్ళినా అందుకుంటావు. మానేశానని చెప్పు. నేనే తరిమేశానని చెప్పు. రానిస్తారు."

ఈ మాట కోసం పెద్దమ్మాయి చిన్నప్పట్నుంచీ ఎదురుచూసింది. ఆవిడ నోటితో ఆవిడే ఒప్పుకున్న రోజున ఏమేం అనాలో, ఎలా కడిగిపారెయ్యాలో అమ్మ బతికుండగానే కూడబెట్టుకుంది. తీరా వచ్చాక చూస్తే అందులో ఒక్క మాటా అనబుద్ధి కాలేదు. వెళ్ళమని ఆవిడే అంటోంది కాబట్టి ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఎవరూ తప్పుపట్టరు. పిల్ల మెడలో దండ పడే వేళకు అక్కడ ఉండొచ్చు. తనే నడక నేర్పిన పిల్ల.

దుప్పటి మీద పచ్చటి తడి మరక ఒకటి మెల్లగా పెద్దదవుతోంది. వాసన నిన్నటిలాగే ఉంది. ఆమె రోత కూడా నిన్నటిలాగే, వీసమెత్తు తగ్గకుండా ఉంది.

"నువ్వు తరిమితే పోవడానికి, నేను నువ్వు పిలిస్తే రాలేదు. కాలు ఇటు పెట్టు" అంది పెద్దమ్మాయి.

మిషనావిడ పెట్టలేదు. మొహం గోడవైపు తిప్పుకుని ఏడుస్తోంది. పెద్దమ్మాయి దుప్పటి తొలగించింది. ఎప్పుడూ పాత పేపరు పరిచి దాని మీద పెట్టించే ఆ కాలిని, మడమ కింద అరచెయ్యి ఆనించి పైకెత్తి, తన ఒళ్ళో పెట్టుకుంది.