ఉతకని బనీను

నౌకాదళం వెనక గేటుకు ఎదురుగా ఉన్న లాండ్రీ ఆమెది. అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. రేవులో అందరికీ ఆమె గంజమ్మే. ఆమె గంజి పెట్టిన ప్యాంటు లోపల మనిషి లేకపోయినా నిలబడుతుందని నావికులు వేళాకోళం చేసేవారు. మొగుడు బాయిలరు చూసుకునేవాడు, ఆమె ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడేది. ప్రతి బట్టకూ లోపలి అంచున ఎర్రదారంతో ఒక అంకె కుట్టేది. మనిషి మొహం మరిచిపోయినా అతని చొక్కాను మరిచేది కాదు. ఎవరికి చెమట ఎక్కువో, ఎవరు మోచేతులు బల్లకు ఆనించి ఉత్తరాలు రాస్తారో ఆమెకు తెలుసు.

యుద్ధం వచ్చిన ఏడు రేవులో ఒక పాత నౌక ఉండేది. శత్రువు సముద్రంలో వదిలిన మందుపాతరలను వెతికి తీసేయడం దాని పని. అంతకుముందు యుద్ధంలోనూ అదే పని చేసి క్షేమంగా తిరిగొచ్చింది గనక దానికి ఢోకా లేదనుకునేవారు. ఒక ఉదయం దాన్ని ఉన్నపళంగా బయల్దేరమన్నారు. అప్పటికి ఇరవై ముగ్గురి బట్టలు గంజమ్మ తీగల మీద తడిగానే ఉన్నాయి. నాలుగో రోజు నౌక మునిగిందని తెలిసింది. ఒక్కరూ మిగల్లేదు.

ఆమె ఏడవలేదు. బట్టలు దించి, ఇస్త్రీ చేసి, ఇరవై మూడు కట్టలుగా అరల్లో పేర్చింది. వాళ్లవాళ్లు వస్తే నలిగిన బట్టలు ఎలా చేతిలో పెడతామంది మొగుడితో.

మొదట వచ్చింది నౌకలో వంట చేసే కుర్రాడి తల్లి. రెండు రోజులు రైల్లో కూర్చుని వచ్చింది. కట్ట విప్పి, చొక్కాను మొహానికి ఆనించుకుని మళ్లీ మళ్లీ వాసన పీల్చింది.

"ఎందుకు ఉతికావమ్మా?" అంది చివరికి. "సబ్బు వాసన తప్ప ఏం లేదు."

గంజమ్మ లోపలికి వెళ్లి మాసిన బట్టల బుట్ట అడుగుదాకా వెతికింది. ఒక బనీను చిక్కింది. అంకె పదిహేడు. వంటవాడిది తొమ్మిది, పదిహేడు ఇంజను గదిలో పనిచేసే అతనిది. ఎర్రదారాన్ని పళ్లతో తెంపి, అంకె పీకేసి బయటికి తెచ్చింది.

"ఇదొక్కటీ ఉతకలేదక్కా."

ఆ తల్లి వాసన చూసింది. బిగిసిన భుజాలు సడలాయి. "వీడే," అని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

అప్పటినుంచి బాయిలరు మూత తీస్తే చాలు, పట్టపగలే ఆవిరిలో ఇంజను నూనె వాసన గుప్పుమనేది. నీకు రావడం లేదా అని మొగుణ్ణి అడిగేది. సోడా వాసనేనే అనేవాడు. బట్టలు ఆరేస్తూ లెక్కపెట్టుకునేది. పదిహేడు దగ్గరికి రాగానే వెనక ఎవరో వంతు కోసం నిలబడినట్టు తిరిగి చూసేది.

ఐదు నెలలకు పదిహేడో అంకె మనిషి భార్య వచ్చింది. చంకలో పసిపిల్ల, పురుడు అయ్యేదాకా ఇంట్లో కదలనివ్వలేదట. కట్టలో ఒక్కొక్కటే తీసి చూసింది.

"బనీను ఒకటుండాలి పిన్నీ. తెల్లదారం లేక చంక కింద పచ్చదారంతో కుట్టాను."

అతనితోపాటే పోయిందని చెప్పేద్దామని గంజమ్మ నోరు తెరిచింది. పసిపిల్ల తననే చూస్తోంది. జరిగిందంతా చెప్పేసింది.

ఆ అమ్మాయి తిట్టలేదు. బిడ్డను గంజమ్మ చేతికిచ్చి, బెంచీ మీద కూర్చుని, బనీను తీసుకున్నావిడ ఏమందని మాత్రం అడిగింది. "వీడే" అందని గంజమ్మ చెప్పింది. వంటవాడి తల్లిది ఏ ఊరో కనుక్కుని బయల్దేరింది.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది, బనీనుతో.

"నేను అడక్కముందే పెట్టె తీసి ఇచ్చేసింది పిన్నీ. పచ్చదారం మొదటిరోజే చూసిందట. మావాడి బట్టలకు నా చేతి కుట్టు తప్ప ఉండదు, ఇది ఎవరి బిడ్డదో వాళ్లు అడుగుతూ వస్తారనే ఉతక్కుండా దాచాను, అంది."

గంజమ్మ అప్పుడు ఏడ్చింది, ఇస్త్రీ బల్లకు తల ఆనించి.

నూనె వాసన మాత్రం పోలేదు. ఇంకో ఇరవై ఏళ్లు ఆ వాసనలోనే పని చేసింది. సముద్రం మీదికి వెళ్లే నౌక నుంచి మూటలు వస్తే, ప్రతి నావికుడి బట్టల్లో ఒకటి తీసి ఉతక్కుండా పక్కన పడేసేది. అడిగితే సబ్బు అయిపోయిందనేది. ఇంత లాండ్రీలో ప్రతిసారీ సబ్బు ఎలా అయిపోతుందని వాళ్లు నవ్వేవారు. మనిషి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాకే దాన్ని నీళ్లలో వేసేది.