ఎడమ చేతికి మెమో

1977 జూన్‌లో తిరుపతిలో, అలిపిరికి పోయే దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం హైస్కూల్లో సంగీతం మాస్టరుగా చేరాను. అంతకు ముందు పదకొండేళ్లు శ్రీకాళహస్తి చుట్టుపక్కల పౌరాణిక నాటకాలకు హార్మోనిస్టుని. జనం సినిమాలకు మళ్లి, మా కంపెనీ తెరలు కూడా అమ్ముకున్నాక దొరికిన ఉద్యోగం ఇది. హోదా టెంపరరీ. అంటే ఏప్రిల్ ఆఖర్న తీసేసి జూన్‌లో మళ్లీ వేసుకుంటారు. వేసుకోకపోతే అడగడానికి మన చేతిలో కాగితం ఉండదు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. ఆ ఏటి డైరీ మొదటి పేజీలో ‘పర్మినెంటు’ అని ఒక్క మాట రాసి కింద గీత గీసుకున్నాను.

స్కూలు కరెస్పాండెంటు, అంటే యాజమాన్యం తరఫున సంతకం చేసే పెద్దమనిషి, చిత్తూరులో బెల్లం మండీ యజమాని. జులైలో ఆయన మద్రాసు వేలంలో ఒక పాత పియానో కొని లారీలో తెప్పించారు. బెల్లం దించే హమాలీలే దాన్నీ దించారు. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనక చెక్క తట్టి నన్ను పిలిచారు.

“ఏమప్పా మాస్టరూ, దీనికి గాలి యాడ కొట్టేది?”

గాలితో పని లేదనీ, మెట్టు నొక్కితే లోపలి సుత్తి తీగను కొడుతుందనీ చెప్పాను.

“అట్లయితే నీ ఎడం చేతికి ఇంక పనేముండాది?”

అది నవ్వుకోవలసిన ప్రశ్న కాదని తర్వాత తెలిసింది. హార్మోనియంలో కుడి చెయ్యి వాయిస్తుంది, ఎడమ చెయ్యి వెనక తిత్తిని ఆడిస్తూ గాలి కొడుతుంది. పియానోలో రెండు చేతులూ వాయించాలి. ఫిబ్రవరి వార్షికోత్సవానికి విద్యాశాఖ డెప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు వస్తారనీ, ఆయన ముందు ‘ఇంగ్లీషుది ఒకటి, బాగా స్పీడుగా’ వాయిస్తే, ఆయన మంచి రిపోర్టు రాస్తే, నన్ను పర్మినెంటు చేస్తామనీ కరెస్పాండెంటు గారు అక్కడికక్కడే ప్రకటించారు.

గూడూరు రైల్వే కాలనీలో పియానో నేర్పే ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దావిడ ఉందని విని, ప్రతి ఆదివారం పొద్దుటి రైలుకు పోవడం మొదలుపెట్టాను. ఆమెను అందరూ డోరా టీచరు అనేవారు. మొదటి రోజు నాకు వచ్చినంత వాయించమంది. నాలుగు వరుసలు కాకముందే ఆపింది.

“ఏందయ్యా మాష్టరూ, ఆ ఎడం చేత్తో ఎవురికి విసరతా ఉండావు? నాకేం ఉక్కపోయలా.”

చూసుకుంటే నా ఎడమ చెయ్యి మెట్ల పక్కన శూన్యంలో ముందుకీ వెనక్కీ ఊగుతోంది. లేని తిత్తికి గాలి కొడుతోంది.

ఆమె ఎంచి ఇచ్చిన పాఠంలో కష్టమంతా ఎనిమిది వరుసల్లో ఉంది. అక్కడ రెండు చేతులూ ఒకే పరుగు పక్కపక్కన పరుగెత్తాలి, తాళం దెబ్బకు నాలుగు స్వరాల చొప్పున. స్వరాలు ఒకటే అయినా వేళ్లు మారే చోటు వేరు. పైకి పోయేటప్పుడు కుడి చేతిలో మూడో స్వరం తర్వాత బొటనవేలు కింద నుంచి దూరాలి. ఎడమ చేతిలో ఐదో స్వరం తర్వాత నడిమివేలు పైనుంచి దాటాలి. ఒక చెయ్యి మలుపు తిరిగేటప్పుడు రెండోది తిన్నగా పోతూ ఉండాలి. దీనికి ఆమె పద్ధతి ఇది: మొదట ఒక్కో చెయ్యీ విడిగా, మెట్రోనోము, అంటే టక్కుటక్కుమని ఊగే తాళం పెట్టె, నిమిషానికి అరవై దెబ్బలకు పెట్టుకోవాలి, వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే నాలుగు దెబ్బలు పెంచాలి, తప్పు వస్తే నాలుగు తగ్గాలి. నూట ఇరవై చేరితే పాఠం వచ్చినట్టు. నాకు ఈ పద్ధతి నచ్చింది. డైరీలో రాసుకోవడానికి వీలైనది.

సెప్టెంబరులో, స్కూలు హాల్లో పియానో మీద నా ఎడమ చెయ్యి డెబ్బై రెండు దెబ్బల దగ్గర ఉండగా, ప్యూను ఒక మెమో తెచ్చి సంతకం పెట్టించుకున్నాడు. ‘మీరు వారం దినములుగా పని వేళలందు ఎడమ చేతిని మాత్రమే వినియోగించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. కుడి చేతిని ఖాళీగా ఉంచుటకు కారణము మూడు దినములలో తెలుపవలెను.’

వేళ్ల పటం గీసి మరీ ఒక పూర్తి పేజీ జవాబు రాశాను. కరెస్పాండెంటు గారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని హాలుకు వచ్చారు.

“సూడు మాస్టరూ, నా మండీలో ఒంటి చేత్తో మూట ఎత్తే హమాలీని ఒకణ్ణి సూపించు. పైగా ఈ టక్కుటక్కు పెట్టె ఒకటి. పియానో నేర్చుకుంటా ఉండావా, గడియారాల అంగడి పెట్టినావా?”

ఇకమీదట రెండు చేతులూ ఏకకాలంలో, వేగంగా పనిచేయాలని రెండో మెమో వచ్చింది. ఉత్తర్వు ఉత్తర్వే. స్కూల్లో రెండు చేతులతో, తప్పులతో, వేగంగా వాయించాను. ఇంట్లో పీట మీద ఎడమ చెయ్యి విడిగా సాధన చేశాను. “పీట అరిగిపోతా ఉండాది, చెయ్యి మాత్రం కుదరలా” అని మా ఆవిడ అనేది. డోరా టీచరు ఇంకా సూటిగా చెప్పింది. “తప్పును గూడా కంఠతా పట్టేసినావు గదయ్యా.” జనవరి ఆఖరుకు డైరీలో రెండు లెక్కలు ఉన్నాయి. గూడూరులో ఎనభై ఎనిమిది, తప్పులు లేవు. తిరుపతిలో నూట ఇరవై, తప్పులు ఎంచలేదు.

వార్షికోత్సవం రోజు డెప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు ముందు వరసలో, పక్కనే కరెస్పాండెంటు గారు. మొదటి సగం కుదురుగా గడిచింది. ఆ ఎనిమిది వరుసల్లో రెండో వరుసకే ఎడమ చెయ్యి దారి తప్పింది. కుడి చెయ్యి ఒంటరిగా పరుగెత్తింది. ఎడమ చెయ్యి పైకి లేచి, పదకొండేళ్ల అలవాటు కొద్దీ, గాలిలో జోరుగా తిత్తి ఆడించింది. ఉద్యోగం పోయిందనుకున్నాను.

చూడవచ్చిన తల్లిదండ్రుల్లో సగం మంది నాటకాలు చూసి పెరిగినవాళ్లు. వాళ్లకు ఆ చెయ్యి బాగా తెలుసు. వెనక నుంచి ఈల పడింది. “ఒన్స్ మోర్ అబ్బా!” అని ఎవరో అరిస్తే హాలంతా అందుకుంది. ఒన్స్ మోర్ అంటే మళ్లీ వాయించడం రంగస్థలం మర్యాద. మళ్లీ వాయించాను. మొదటిసారి ఎడమ చెయ్యి తనంతట తాను లేచింది. రెండోసారి నేనే లేపాను. ఈ సంగతి డైరీలో తప్ప ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

డెప్యూటీ ఇన్‌స్పెక్టరు గారి రిపోర్టులో నా గురించి ఒకే వాక్యం ఉంది: ‘సంగీత బోధకుని ఇరు హస్తములును చురుకుగా పనిచేయుచున్నవి.’ మార్చిలో పర్మినెంటు ఆర్డరు వచ్చింది.

గూడూరు ప్రయాణం మానలేదు. స్కూల్లో మెమోలు ఆగిపోయాయి కనుక పెట్టె టక్కుటక్కుమంటూనే ఉంది. 1980 ఆగస్టులో ఆ ఎనిమిది వరుసలూ నూట ఇరవైలో వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వచ్చాయి. “ఇప్పటికి నోరు మూసుకునిందయ్యా నీ హార్మోనియం” అని డోరా టీచరు టీ పోసింది. మరుసటి వార్షికోత్సవంలో అదే పాఠం వాయించాను. చప్పట్లు మర్యాదగా పడ్డాయి. కరెస్పాండెంటు గారు దగ్గరికి వచ్చి బాధగా అన్నారు.

“బాగుండాది గానీ మాస్టరూ, ఆ మొదటిసారి జోరు లేదప్పా. ఎడం చెయ్యి పైకి లేపేది మర్సిపొయ్‌నావే!”

రిటైరయ్యేదాకా నా విద్యార్థులకు ఒక్కో చెయ్యీ విడిగా, నిదానంగానే నేర్పాను. వార్షికోత్సవం వారంలో మాత్రం ఎడమ చెయ్యి ఎక్కడ పైకి లేపాలో కూడా చెప్పేవాణ్ణి. మొదటిది పియానోకు, రెండోది రిపోర్టుకు. ఉద్యోగంలో రెండూ కావాలి. ఏది దేనికో డైరీలో వేరు వేరు పేజీల్లో రాసుకోవడం మంచిది.