ఎన్నూరు ఎర్ర బాణం

షోళింగనల్లూరులో మా ఆఫీసు. ఏ శాఖకు నెట్‌వర్క్ లైన్ ఎంత నిండుతోందో రంగుల బాణాలతో చూపించే మ్యాప్ తయారుచేసే పని నాకు పడింది. ఖాళీ లైన్‌కు నీలం, ఓ మాదిరి వాడకానికి ఆకుపచ్చ, కిటకిటలాడితే ఎరుపు. ఒక్కో లైన్‌కు రెండు బాణాలు, వచ్చేదానికొకటి, వెళ్లేదానికొకటి. కోడంబాక్కం శాఖ బాణాలు ఆకుపచ్చగా వెలిగితే చిన్నపిల్లలా మురిసిపోయాను. ఎన్నూరు నుంచి మా వైపు వచ్చే బాణం మాత్రం ఎర్రగా మండుతోంది.

మా మేనేజరుకు అది చాలు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనే రకం ఆయన. ఎన్నూరు లారీల యార్డులోని కెమెరాల బొమ్మలు మా సర్వరుకు వస్తాయి కాబట్టి, సోమవారం నుంచి ఆ కెమెరాలు ఆపెయ్యమన్నాడు.

ఆ యార్డు సూపర్‌వైజరు పెద్దాయన, తరాలుగా ఈ తమిళ ఊళ్లోనే ఉన్న తెలుగువాడు, 'అమ్మా' అనడానికి 'మా' అంటాడు. సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఈడ నుంచి అంతేం పోతా ఉండాది మా? కెమెరాలుంటే కూర్చున్న చోట్నించే లారీలు చూసుకుంటాను. లేకుంటే ఈ మోకాలితో యార్డంతా తిరగాల. సరే, మిషనే చెప్పినాక ఏం చేస్తాం."

ఆ చివరి మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. నిజంగా కెమెరాలేనా? నాకు ఏదైనా కెలికి చూస్తే గానీ తోచదు. మర్నాడు ఆయన్నే అడిగి, అయిదు నిమిషాలు అన్ని కెమెరాలూ ఆపించాను. ఎర్ర బాణం చెక్కుచెదరలేదు. దాని ఎదుటి బాణం, మా నుంచి ఎన్నూరుకు వెళ్లేది, ఆకుపచ్చ నుంచి నీలంలోకి దిగిపోయింది.

అక్కడ ఆపితే ఇక్కడి నుంచి వెళ్లేది ఎలా తగ్గుతుంది?

మ్యాప్ కోసం నేను రాసిన వరుసలు మళ్లీ చదివాను. లైన్‌కు రెండు కొసల పేర్లు రాయాలి. ముందు రాసిన చోటి నుంచి చూసి రాకపోకలు లెక్కగడుతుంది ఆ సాఫ్ట్‌వేర్. నేను ప్రతిచోటా అలవాటుగా మా ఆఫీసు పేరే ముందు రాశాను. మిగతా శాఖల అంకెలు మా రూటరువే, ఎన్నూరువి మాత్రం ఎన్నూరు రూటరు నుంచి తెచ్చాను. దాంతో వాళ్లకు వచ్చేదంతా వాళ్లు పంపినట్టు కనబడింది. లైన్ నింపుతున్నది మేమే. మా ఫైళ్ల నకళ్లు దాచుకునే యంత్రం ఉన్నది ఎన్నూరులోనే.

పేర్లు అటూ ఇటూ మార్చాను. ఎరుపు మా నుంచి ఎన్నూరుకు వెళ్లే బాణానికి మారింది. తప్పు నాదేనని మేనేజరుకు చెప్పి, కెమెరాల ఉత్తర్వు రద్దు చేయించి, పెద్దాయనకు ఫోన్ చేశాను. కెమెరాలు ఆపరని చెబితే నవ్వాడు.

"మంచిది మా. నువ్వు గీసింది తప్పవుతాదా అనుకోని, నడిచేదానికి నిన్ననే మెత్తటి చెప్పులు కొనేసినా."