గ్లూకోజు ఎక్కుతున్న చెయ్యి

లిదియాది సారపాక. భద్రాచలంలో ఓ ప్రైవేటు దవాఖానాలో పదకొండేళ్లుగా రక్తపరీక్షలు చేస్తోంది. ఎంత బక్కచిక్కిన చేతిలోనైనా ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకుంటుందని పేరు. ఆ పేరుతో పాటు కాస్త ధీమా కూడా వచ్చింది, అదే ముప్పు.

మొన్న వానాకాలంలో జూలూరుపాడు దగ్గరి తండా నుంచి హేమ్లి అనే పెద్దావిడను తీసుకొచ్చారు. మలేరియా ముదిరి స్పృహ లేదు. రెండు చేతులకూ మోచేతి దాకా తెల్లగాజులు. లంబాడీ ఇల్లాలు మొగుడుండగా వాటిని తియ్యదు. గ్లూకోజు ఎక్కించడానికి ఎడమ చేతి గాజులు కోసేసరికే మొగుడు ధన్‌సింగ్ గొల్లుమన్నాడు. రక్తం కోసం లిదియా కుడి చెయ్యి పట్టుకోగానే అడ్డం పడ్డాడు.

"నేను బతికే ఉన్న గద బిడ్డా! ఆ చెయ్యన్న ఉండనియ్యి."

జాలి కొంప ముంచడమంటే ఇదే. "సరే తాతా, ఏడ్వకు" అని గ్లూకోజు ఎక్కుతున్న ఎడమ చేతికే, కాస్త పైన గుచ్చి రక్తం తీసింది. సీసా ఆపాలన్న సంగతే తట్టలేదు.

షుగర్ ఆరువందల పైన వచ్చింది. వెంటనే ఐసీయూకి ఫోన్ చేసి చెప్పేసింది. ఆ తర్వాత మిగతా అంకెలు చూసింది. సోడియం, పొటాషియం అన్నీ పాతాళంలో ఉన్నాయి, షుగర్ ఒక్కటే ఆకాశంలో ఉంది. అప్పుడర్థమైంది. సీసాలోని గ్లూకోజే రక్తంలో కలిసి లెక్కకొచ్చింది! ముదిరిన మలేరియాలో షుగర్ పడిపోతుంది. అట్లాంటి మనిషికి ఇన్సులిన్ ఇస్తే ఇక లేవదు.

ల్యాబ్‌లోని గ్లూకోమీటర్ పట్టుకుని మెట్లెక్కి పరుగెత్తింది. "ప్రభువా, ఇంకా ఇయ్యకుండా చూడు" అన్నదొక్కటే నోట్లో.

నర్సు సుశీలమ్మ అప్పటికే సిరంజి నింపుకుని మంచం దగ్గర నిలబడింది.

"ఆపు సుశీలమ్మా! ఇయ్యకు! రిపోర్టు తప్పు!"

డాక్టర్ తలెత్తాడు. "ఏంది, మెషీన్ ఖరాబైందా?"

అవునంటే అయిపోయేది. ఉద్యోగానికి ఢోకా ఉండేది కాదు.

"లేదు సార్. తప్పు నాదే. గ్లూకోజు ఎక్కే చేతిలకెల్లి తీసిన."

వేలు గుచ్చి చూశారు. ముప్పై నాలుగు.

ఇన్సులిన్ పక్కన పడేసి గ్లూకోజు ఇంజెక్షన్ ఎక్కించారు. సాయంత్రానికి హేమ్లి కళ్లు తెరిచి నీళ్లడిగింది. ధన్‌సింగ్ వచ్చి దండం పెడుతుంటే లిదియా సిగ్గుతో చచ్చిపోయింది.

ఇప్పటికీ సూది పట్టుకుంటే ఆమెకు భయమే, ఏ చేతికి గ్లూకోజు ఎక్కుతోందో రెండుసార్లు చూసుకుంటుంది. ఆదివారం చర్చిలో అందరూ తమ భయం తీసెయ్యమని ప్రార్థిస్తారు. లిదియా మాత్రం తన భయాన్ని ఉండనియ్యమని అడుగుతుంది.