చెవికి అందని బ్రెజిల్

మా మేనమామ ముందు నా పరువు ఎలా పోయిందో చెబుతాను. మామూలుగా పోలేదు. నేనే ప్రోగ్రాం రాసి, క్యాసెట్ నుంచి ఎక్కించి, టీవీ తెర మీద పెద్దక్షరాలతో చూపించి మరీ పోగొట్టుకున్నాను. నవ్వాలనుకుంటే ఇప్పటి నుంచే మొదలుపెట్టండి, నేనేమీ అనుకోను.

ఎనభైల నాటి మాట. మామ డోర్నకల్ స్టేషన్లో టెలిగ్రాఫ్ పని చేసేవాడు. ఇంట్లో, దేశదేశాల వాళ్లతో సరదాగా మాట్లాడుకోవడానికి లైసెన్సున్న హామ్ రేడియో కూడా ఉండేది. పొట్టి, పొడుగు మోర్స్ చప్పుళ్లు ఆయన చెవిలో పడితే అక్షరాలైపోయేవి. నాకూ ఆ విద్య రావాలని తన పాత రిసీవరును మట్టెవాడలోని మా ఇంట్లో పెట్టి, "ఆర్నెల్లకు వస్త. అప్పటికి చెవి కుదిరితే డబ్బా నీది, లేకుంటే పట్టుకపోత" అన్నాడు.

ఆ డబ్బా అంటే నాకు ప్రాణం. నా చెవి మీద మాత్రం నమ్మకం లేదు. నేను పనిచేసే కాలేజీ ల్యాబులో అడిగి ఒక చిన్న కంప్యూటర్ తెచ్చుకున్నాను. దాన్ని టీవీకి తగిలించి, రిసీవరుకు కలిపి, మోర్స్ చదివే ప్రోగ్రాం రాశాను. దగ్గరి స్టేషన్లను అది చక్కగానే చదివేది. దూరపు సిగ్నళ్లు వచ్చేసరికి నీరసించి బరబర శబ్దంలో మునిగిపోయేవి, తెర మీద సగం అక్షరాలే పడేవి. అప్పుడు నాకో గొప్ప ఆలోచన తట్టింది. నాకు వినాలని ఉన్న స్టేషన్ల కాల్‌సైన్లు, అంటే గాలిలో వాళ్ల పేర్లు, ఊళ్లతో సహా జాబితాగా ఎక్కించాను. అక్షరాలు సరిగా తెలియకపోతే, జాబితాలో వాటికి దగ్గరగా ఉన్న పేరు చూపించమని ప్రోగ్రాంకు చెప్పాను.

ఆ సాయంత్రమే బ్రెజిల్ వచ్చింది. మర్నాడు జపాన్. వారం తిరగకుండా జాబితాలో ఉన్నవాళ్లంతా మా ఇంటికి వచ్చి వెళ్లారు. నాకు ఇసుమంతైనా అనుమానం రాలేదు.

చెప్పినట్టే మామ వచ్చాడు. హెడ్‌ఫోన్ ఆయన చెవులకు పెట్టాను.

"ఏం వినొస్తాంది మామా?"

"బరబర."

"జర తెర మీద చూడు. బ్రెజిల్."

మామ కళ్లు మూసుకుని మళ్లీ విన్నాడు. "నాకైతే ఏం లేదురా."

"ముప్పై ఏండ్ల చెవి గదా మామా, అలిసిపోయిందేమో" అన్నాను. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మామ కోపపడలేదు. అమ్మ తెచ్చిన చాయ్ అందుకుని, "గా పేర్లు నువ్వే రాసినవా?" అని అడిగాడు.

"మరెవరు రాస్తరు?"

"అయితే నా పేరు గూడ రాయి."

గౌరవంగా రాశాను. సాసర్‌లో చాయ్ సగం కాకముందే తెర మీద మామ కాల్‌సైన్ పడింది, పక్కనే డోర్నకల్ అని ఊరు కూడా.

మామ చాయ్ ఊదుకుంటూ చూశాడు. "నేనిక్కడ చాయ్ తాగుతాన. డోర్నకల్ల నా రేడియో ఎవడు కొడుతాండురా?"

"అత్తమ్మేమో."

"మీ అత్తమ్మ నా ఎంటనే వచ్చింది. గదిగో, వంటింట్ల ఉంది."

"నా పేరెందుకు తీస్తాండ్రు?" అంది లోపలి నుంచి అత్తమ్మ.

మామ లేచి, రిసీవరు వెనక సిగ్నళ్లు పట్టే ఏరియల్ తీగను పీకేశాడు. ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. నిమిషానికి మళ్లీ బ్రెజిల్ వచ్చింది.

మామ డబ్బాను తువ్వాలలో మూట కట్టాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గడప దాటబోతూ ఆగి, "ఆదివారం ఆదివారం డోర్నకల్ రా, చెవి నేర్పుత" అన్నాడు. తర్వాత టీవీ వైపు చూసి, "నా పేరు అండ్ల గట్లనే ఉండనీ అల్లుడా. డబ్బా లేకున్నా నీకు వినొస్త" అన్నాడు.

ఆ రోజే, ఆ ఖాళీ బల్ల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసుకున్నాను. వినాలనుకున్నవాళ్ల పేర్లు ముందే రాసుకుని ఇక ఎన్నడూ వినడానికి కూర్చోను. మరీ ముఖ్యంగా, నా పక్కన చాయ్ తాగుతున్న మనిషిని డోర్నకల్ నుంచి పట్టుకోను.