ఎడమ మెలిక

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. గద్వాలలో గుంత మగ్గం ముందు ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. ఏది జరిగినా వెనుక ఎవరిదో ఒకరి చేయి ఉంటుందని నా నమ్మకం. అందుకే ఈ సంగతిలోనూ ముందు నా చెల్లెలు పద్మనే అనుమానించాను.

పద్మ రెండేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసింది. పోయేటప్పుడే నాతో నిజం చెప్పలేదు. వనపర్తిలో స్నేహితురాలి పెళ్ళని చెప్పి, హైదరాబాద్‌లో వైద్య పరీక్షలు చేయించుకుని వచ్చింది. నాకు తెలిసేసరికి వీసా చేతిలో ఉంది. అప్పటి నుంచి దాని మాటను ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవడం అలవాటైంది.

తిరిగొచ్చే రోజు పొద్దున విమానంలో కూర్చుని వీడియో కాల్ చేసింది.

"అక్కా, బెల్టు గూడ పెట్టుకున్న. ఫోన్ బంద్ జేయమంటున్నరు. సాయంత్రానికి ఇంట్ల ఉంట."

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. క్యాలెండర్ వెనుక రాసుకున్నాను: అక్కడ ఆరు, ఇక్కడ ఎనిమిదిన్నర. దూరం మూడు వేల కిలోమీటర్ల పైనే, ప్రయాణం ఐదు గంటలని నాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మ ఫోన్‌లో చూసి చెప్పింది. ఒంటిగంటన్నరకు హైదరాబాద్‌లో దిగితే, గద్వాల చేరేసరికి ఆరు.

ఆ రోజు కొత్త పడుగు అతుకుతున్నాను. మగ్గం మీది పాత పోగుల చివరలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా, వేళ్ళకు బూడిద రాసుకుని మెలిపెట్టాలి. అందరం కుడివైపే మెలిపెడతాం. పద్మది ఎడమచేయి. దాని మెలిక ఎడమకు తిరుగుతుంది. మా వాడలో అలాంటి చేయి ఇంకొకటి లేదు.

పదింటికి తాళం వేసి, జరీ కోసం, మాకు నేతపని ఇచ్చే మేస్త్రి ఇంటికి పోయాను. పన్నెండుకు తిరిగొచ్చాను. తాళం వేసినట్టే ఉంది. లోపల, నేను ఆపిన చోటు నుంచి జానెడు మేర పోగులు అతికి ఉన్నాయి. అన్నీ ఎడమ మెలికలే.

రెండో తాళంచెవి పద్మ దగ్గరే ఉంది. ఒళ్ళు మండింది. పొద్దుటి వీడియో కాల్ నాటకమని, ముందే వచ్చి ఎక్కడో దాక్కుని నాతో ఆటలాడుతోందనుకున్నాను. ఎదురింటి నర్సమ్మను అడిగాను.

"పొద్దటి సంది అరుగు మీదనే ఉన్న వదినె. పిల్లి గూడ రాలే. ఏం పోయింది?"

ఏమీ పోలేదు. అదే చెప్పలేకపోయాను.

ఆరుంపావుకు పద్మ ఆటో దిగింది. మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా టికెట్టు, పాసుపోర్టు అడిగాను.

"ఏందక్కా, పోలీసోళ్ళ లెక్క! జర కూసోనియ్యవా?" అని నవ్వింది.

నేను నవ్వలేదు. పాసుపోర్టు ముద్రలోని అంకెలను వేలు పెట్టి చదివాను. తేదీ ఆ రోజుదే. టికెట్టు మీద టైం ఆరే. చేయి పట్టుకుని మగ్గం దగ్గరికి తీసుకుపోయాను. మెలికలను తడిమి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఇవి నా మెలికలే," అంది. కాసేపటికి ఏడ్చింది. "కని నేను రాలే అక్కా. నీ మీద ఒట్టు. గీ ఒక్కసారి నమ్ము."

నమ్మానన్నాను. మిగతా పడుగు ఇద్దరం కలిసి అతికాం. అతుకుల ముక్కను ఎప్పుడూ కోసి పారేస్తాం. ఈసారి పెట్టెలో దాచాను, పద్మ టికెట్టుతో పాటు.

పద్మ ఇంట్లో లేనప్పుడు పెట్టె తెరిచి ఆ గంటలను మళ్ళీ కూడుతాను. అది అబద్ధం చెప్పిందని తేలితే నాకు నిమ్మళం. ఒక్కసారైనా లెక్క తప్పుతుందేమోనని చూస్తాను. ఇంతవరకు తప్పలేదు.