రంకెకు జవాబు

కెనడాలోని వాటర్లూలో మా అమ్మాయి ఉండే అపార్ట్‌మెంట్ పక్కనే ట్రామ్ రైలు మలుపు తిరుగుతుంది. అక్టోబరు వచ్చి పట్టాలు చల్లబడ్డాయంటే చాలు, ఆ మలుపులో చక్రాలు ఒక రకంగా మూలుగుతాయి. ఆ మూలుగు ముందు సన్నగా మొదలై, లోపలినుంచి తోసుకొచ్చి, చివర్లో నాలుగు దగ్గులు దగ్గినట్టు తెగిపోతుంది. మొన్న పొద్దున పెనం మీద దోసె వేస్తుంటే ఆ చప్పుడు వినిపించి, గరిటె అక్కడే వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్లిపోయాను. దోసె మాడింది. మా మనవరాలు సీరియల్ గిన్నెలోంచి తల ఎత్తకుండానే "అమ్మమ్మా, ఇట్స్ జస్ట్ ద ట్రెయిన్" అంది. రైలేనని నాకూ తెలుసు. అయినా కాళ్లు ఒకచోట నిలవలేదు. ఆ రోజంతా ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూ, సర్దిన బట్టలే మళ్లీ సర్దుతూ గడిపాను. ఐదో తరగతితో ఆగిపోయిన దాన్ని, తారీఖులు నాకు నిలవవు. కానీ ఎవరు ఏ పూట ఏం తిన్నారో, ఏ మాట ఎలా అన్నారో అన్నీ గుర్తుంటాయి. ఒక దుప్పి సంగతి కూడా అలాగే ఉండిపోయింది.

మా ఆయన పైపు వెల్డరు. గల్ఫులో చాలా ఏళ్లు కళ్లు కాల్చుకుని, ఆ పనితనం మీదే ఇక్కడి సార్నియా ఊరి ఫ్యాక్టరీలకు వచ్చారు. వెనకాలే నేనూ వచ్చాను. ఒక పెద్ద పని పూర్తయ్యాక అక్కడ మనుషుల్ని తగ్గించేశారు. ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాదు. టీవీ రిమోటు విప్పి బిగించారు, బిగించి మళ్లీ విప్పారు. ఇంకో నెల ఆగితే నన్ను కూడా విప్పేవారేమో. సరిగ్గా అప్పుడే ఊరి బయట, ఈ దేశంలోనే ఉన్న లండన్ అనే ఊరికి వెళ్లే దారిలో, దుప్పుల్ని పెంచే ఒక పెద్దాయన తన గేట్లు వెల్డింగ్ చేయమని పిలిచాడు. తెల్లాయన, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. వారం పనికని వెళ్లిన మా ఆయన అక్కడే నౌకరీకి కుదిరిపోయారు. పొలంలోనే ఒక చిన్న ఇల్లు ఇస్తే అందులోకి మారాం. అవి మన అడవుల్లో కనిపించే చుక్కల దుప్పులు కావు, ఎర్ర దుప్పులు. మగది ఒక్కొక్కటీ దున్నపోతుకు తమ్ముడంత ఉంటుంది. మాంసానికి పెంచుతారు. అందులో ఒక మగదాన్ని మాత్రం, తల్లి చనిపోతే, పెద్దాయన వంటింట్లో పెట్టుకుని సీసాతో పాలు పట్టి పెంచాడట. నేను వెళ్లేసరికే అది పెద్దదైంది. అయినా కంచె మీదుగా ఆపిల్ తొక్కలు అందిస్తే నా చేతిలోంచి తీసుకునేది. దాని నాలుక ఉప్పుకాగితంలా గరగరలాడేది.

సెప్టెంబరు చివర్లో వాటికి ఎద కాలం. అప్పటిదాకా గొర్రెల్లా మేసిన మగవి మేత మానేస్తాయి. మెడ లావెక్కుతుంది, జూలు పెరుగుతుంది. బురదలో పొర్లి నల్లగా అవుతాయి, కొమ్ములతో చెట్ల బెరడు చీలుస్తాయి. పొద్దునా సాయంత్రమూ రంకెలు వేస్తాయి. ఆ రంకె చెవికి వినిపించేది తక్కువ, కడుపులో తగిలేది ఎక్కువ. పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూస్తూ నిలబడేదాన్ని. మా ఆయన చెప్పులు వేసుకుని వాకిట్లోకి వెళ్లి, ఎందుకొచ్చానో మర్చిపోయి తిరిగొచ్చేవారు. ఆ నెల రోజులూ పొలంలో ఏ ప్రాణికీ కుదురుండదు.

ఆ ఏడు ఆడవాటి మధ్యకు పెద్దాయన వేరే మగదాన్ని వదిలి, పాలు పట్టి పెంచినదాన్ని పక్క దొడ్డిలో విడిగా ఉంచాడు. దానికది నచ్చలేదు. గేటును కుమ్మి కుమ్మి కింది గడియ విరగ్గొట్టింది. పెద్దాయన లండన్‌లో డాక్టరు దగ్గరికి వెళ్తూ, "గొలుసు వేసి బోల్టు బిగించు" అని మా ఆయనకు చెప్పి వెళ్లాడు. గొలుసు దొరకలేదు. ఈయన తాడు తీసి పలుపు ముడి వేశారు. మా మామగారు ఎడ్లకు వేసిన ముడి అది. ఎంత గుంజితే అంత బిగుస్తుందని మా ఇంట్లో దాని మీద పెద్ద గర్వం. గుంజడం ఎద్దు పద్ధతి. దుప్పి గుంజదు, కొమ్ము దూర్చి మెలితిప్పుతుంది. గురువారం పొద్దున చూస్తే తాడు పోగులై గేటుకు వేలాడుతోంది, దొడ్డి ఖాళీగా ఉంది.

పశువుల శాఖ అధికారులకు ఫోన్ చేసి చెప్పక తప్పలేదు. సోమవారం పొద్దున వస్తామన్నారు. అప్పటికీ అది బయటే తిరుగుతూ అడవి దుప్పులతో కలిస్తే, జబ్బుల భయంతో మంద మొత్తాన్ని చంపేయమనవచ్చు. పెద్దాయన బతుకంతా ఆ మందే. ఎద మీదున్నదాన్ని తోలుకురావడం కుదరదు, మనిషి మీదికే వస్తుంది. మత్తు సూది వేద్దామన్నా అంత దగ్గరికి రానివ్వదు. పగలంతా పక్కవాళ్ల మొక్కజొన్న చేలో దాక్కుని, చీకటి పడ్డాక ఆడవాటి కంచె దాకా వచ్చి రంకె వేసి పోతోంది. ఇక కాల్చడం ఒక్కటే మిగిలింది. పెద్దాయన చేతులు వణుకుతాయి. మా ఆయనకు లైసెన్సు ఉంది గానీ, అప్పటిదాకా ఆయన కాల్చినవన్నీ ఖాళీ డబ్బాలే.

"ముడి వేసింది నేను. కాల్చేదీ నేనే" అన్నారు. ఆ మాట అన్నాక ఆయన సరిగా అన్నం తినలేదు.

శుక్రవారం తెల్లవారుతుండగా ఇద్దరూ చేను గట్టున మాటు వేశారు. దాన్ని రప్పించాలంటే ఇంకో మగది వచ్చిందని నమ్మించాలి. పెద్దాయన ఒక లావుపాటి ప్లాస్టిక్ గొట్టం నోటికి పెట్టుకుని రంకె వేస్తే, చేలోంచి అది జవాబిచ్చిందట. చేను అంచు దాకా వచ్చి, ముక్కు పైకెత్తి, వెనక్కి తిరిగి పోయిందట. శనివారమూ అంతే. ఈసారి ఇంకా దూరంలోనే ఆగిపోయింది. పెద్దాయన మా ఆయన కాలరు పట్టుకుని వాసన చూశాడు. "వేటకు చర్చి మీదుగా వస్తున్నావా?" అని అడిగాడట.

ఇంటికి రాగానే కోటు విప్పి నా ముందు పెట్టారు.

"ఏమే, దీనికి సాంబ్రాణి వేశావా?"

"వేశాను. మొదటిసారి వేటకు తుపాకీ పట్టుకుని వెళ్తున్నారు కదా, మంచిదని."

"మంచిదే. నేను వస్తున్నానని మైలు దూరంలో ఉన్న దుప్పికి కూడా తెలిసింది."

"దానికి సాంబ్రాణి పడదని నాకెవరు చెప్పారండీ?"

ఇంట్లో ఏదైనా గండం అనిపిస్తే మా అమ్మ అందరి బట్టలకూ సాంబ్రాణి పొగ పట్టేది. నేనూ అదే చేశాను. రెండు రోజులూ ఆ కోటుకు పట్టి, టోపీకి కూడా పట్టాను. వేటకు వెళ్లేవాళ్లు వేసుకునే నారింజ రంగు కోటు దుప్పికి కనపడదట. దాని చూపంతా ముక్కులోనే. మిగిలింది ఆదివారం ఒక్కటే. నా భక్తి వల్ల రెండు పొద్దులు పోయాయి.

ఆ శనివారం ఆయన బట్టలన్నీ సబ్బు లేకుండా వంటసోడాతో ఉతికి, ఎండుగడ్డి మోపుల పక్కన ఆరేశాను. ఇంగువ డబ్బా తీసి కారు డిక్కీలో పెట్టాను. ఇంట్లో పోపు వేయలేదు, ఉల్లిపాయ కోయలేదు. ముగ్గురం ఉప్పు వేసిన పెరుగన్నం తిన్నాం. బాగుందన్నట్టు పెద్దాయన తల ఊపాడు. మర్యాదస్తుడు. తల ఊపడం దేనికంటే, అప్పటికే ఆయన గొంతు పోయింది. ఆ చలిలో రెండు పొద్దులు గొట్టంలో అరిచేసరికి పిల్లికూతలు తప్ప ఏమీ రావడం లేదు.

"ఫోన్లో రికార్డింగ్ పెడదాం" అన్నారు మా ఆయన.

పెద్దాయన తల అడ్డంగా ఊపి, గుసగుసగా ఏదో అన్నాడు. మా ఆయన నాకు చెప్పారు. ఫోను ఎప్పుడూ ఒకే మాట చెబుతుందట. దుప్పి అడిగినదానికి తగ్గట్టు జవాబు చెప్పలేదట. అయితే నేనే అరుస్తానని ఈయన గొట్టం తీసుకున్నారు. వచ్చింది రంకె కాదు, పెద్ద ఆవులింత. నేను గిన్నెలు తోముతున్నదాన్ని చేతులు తుడుచుకుని, ఆ గొట్టం లాక్కుని వాకిట్లోకి వెళ్లాను. మూడు వారాలుగా పొద్దునా సాయంత్రమూ వింటున్న శబ్దమే కదా. సన్నగా మొదలుపెట్టి, పొట్టలోంచి తోసి, చివర నాలుగుసార్లు తెంపాను. దొడ్డిలో ఆడవాటితో ఉన్న మగది గిర్రున తిరిగి నాకు జవాబిచ్చింది.

మగవాళ్లిద్దరూ గడపలో నిలబడిపోయారు. "మిస్సెస్ వస్తుంది" అన్నాడు పెద్దాయన, ఉన్న గొంతుతోనే.

"నువ్వెందుకే అక్కడికి? అది మీదికొస్తే?" అన్నారు మా ఆయన.

"మీరు వేసిన ముడికి నేను అరవక తప్పుతుందా?" అన్నాను.

ఆదివారం చీకటి పలచబడుతుండగా వెళ్లాం. పెద్దాయన ట్రక్కులోనే ఉండిపోయాడు. గాలి మా మొహాలకు కొడుతోంది. మా ఆయన గడ్డి చుట్టల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. నేను ఆయన వెనక, పది అడుగుల దూరంలో, ఒక మేపుల్ మానుకు వీపు ఆనించి నిలబడ్డాను. తుపాకీ గొట్టం కనిపించేంత వెలుతురు వచ్చాక ఆయన తల ఊపారు. నేను అరిచాను.

చేలోంచి జవాబు వచ్చింది. దగ్గరగా వింటే ఆ గొంతు ఎంత అలిసిపోయిందో తెలిసింది. తిండి మానేసి ఎన్ని రోజులైందో ఏమో, రంకె చివర గాలి మాత్రమే వస్తోంది. అది సాగదీస్తే నేను పొట్టిగా తెంపాను, నీదేం లెక్క అన్నట్టు. అది ఆగితే నేను ముందే అందుకున్నాను, మాట పూర్తి చేయనివ్వకుండా. ఊళ్లో గట్టు తగాదాల్లో ఆడవాళ్లం అరుచుకున్నట్టే అరిచాను. దానికి కోపం వచ్చింది. మొక్కజొన్న విరుగుతున్న చప్పుడు నా వైపే వచ్చింది.

అది బయటికి వచ్చి నిలబడింది. ఒళ్లంతా నల్లటి బురద. ఒక కొమ్ముకు మొక్కజొన్న ఆకు వేలాడుతోంది. నోట్లోంచి ఆవిరి వస్తోంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మా ఆయన వైపు చూడనే లేదు, నా గొంతు ఎక్కడుందా అని వెతుకుతోంది. తుపాకీ పేలలేదు. ఆయన భుజం కదులుతోంది, ఆగుతోంది. దుప్పి నాలుగు అడుగులు ఎదురుగా వచ్చింది. పక్కకు తిరిగితే తప్ప కాల్చకూడదని పెద్దాయన చెప్పిన మాట గుర్తొచ్చి, మెల్లగా, చిన్నగా ఇంకోసారి అరిచాను. ఆ గొంతు పక్కనుంచి వచ్చిందనుకుందేమో, తిరిగింది. అప్పుడు పేలింది.

పెద్దాయన ట్రక్కు దిగి నడుచుకుంటూ వచ్చి, దాని పక్కన కూర్చుని, మెడ మీద జూలులో చెయ్యి పెట్టాడు. మా ఆయన తుపాకీలోంచి గుళ్లు తీసేసి, "సారీ" అన్నారు. పెద్దాయన ఆయన చెయ్యి పట్టుకుని లేచాడు. గొంతు లేదు కాబట్టి ఏమన్నాడో ఎప్పటికీ తెలియలేదు. సోమవారం అధికారులు వచ్చి, పరీక్షకని తల తీసుకెళ్లారు. కొన్నాళ్లకు జబ్బేమీ లేదని చెప్పారు. మంద నిలిచింది. పెద్దాయన ఇంకా నాలుగేళ్లు ఆ పొలం చూసుకుని, తర్వాత అమ్మేశాడు.

నా పని తప్పని ఎవరూ అనలేదు, నేనూ అనుకోను. మా ఆయన ఎప్పుడైనా ఆ మాటెత్తితే నా గొంతును మెచ్చుకోవడానికే ఎత్తుతారు. కానీ అది చివరిసారి తిరిగింది నా పిలుపుకే. నేను అడిగినచోటికి వచ్చి, నేను చూడమన్న వైపు చూసింది. ఆ రంకె నాకు ఈ రోజుకీ ఏ తేడా లేకుండా వస్తుంది, గొట్టం కూడా అక్కర్లేదు. మా అమ్మ నన్ను పేరు పెట్టి ఎలా పిలిచేదో మాత్రం ఎంత కూర్చుని తలుచుకున్నా చెవికి రావడం లేదు. ఏది ఉంచాలి, ఏది తీసుకుపోవాలి అని కాలం మనల్ని ఒక్కసారైనా అడగదు.